పెరటి వాకిలి నుంచి గడీలోకి: డబ్బున్నోళ్ళ కథలు చదవడం ఎలా

నేను ఆడిటర్ ఆఫీసులో పద్దులు రాస్తాను. ఒకసారి ఓ క్లయింటు ఇంటి పెళ్ళి బిల్లులు నా టేబుల్ మీదికొచ్చాయి. ఒక్క పూలకైన ఖర్చే నా ఏడాది జీతం కన్నా ఎక్కువ. ఆ రాత్రి ఇంటికొచ్చి సగంలో ఉన్న నవల తెరిస్తే అందులోనూ ఓ బంగళా, ఓ పెళ్ళి. మూసి పడేశాను. పగలంతా వాళ్ళ లెక్కలు చూసి, రాత్రిపూట వాళ్ళ ఏడుపులు కూడా నేనే వినాలా?

ఇలాంటి చిరాకు మీకూ ఉంటే ఉండనివ్వండి. దాన్ని చంపుకుని చదవాల్సిన పన్లేదు. ఈ సంగతి నాకు మా అవ్వ దగ్గర తెలిసింది. జనగామ పక్కన ఓ ఊళ్ళో దొర గడీ బట్టలన్నీ అవ్వ ఇంటివాళ్ళే ఉతికేవాళ్ళు, వెట్టికి. 1948లో పోలీసు చర్య నాటికి అవ్వకు పద్నాలుగేళ్ళు. పైసా ఇవ్వని ఆ ఇంటి కథల్ని ఆమె చెప్పినంత రుచిగా ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు. ఏ కోడలు ఏ పండక్కి అలిగి పుట్టింటికి పోయిందో, అన్నదమ్ములకు ఎప్పట్నుంచి మాటల్లేవో అన్నీ తెలుసు. “మూటిప్పితె ఇంట్ల సంగతంత తెల్వదా బిడ్డా” అనేది. దొర పేరెత్తగానే తుపుక్కున ఉమ్మేది, ఆ వెంటనే కథ అందుకునేది.

కాబట్టి నేను మొదట చూసేది, జమ ఎక్కడిదని. జేన్ ఆస్టిన్ 1813 నాటి ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అందుకే నాకిష్టం, ఆవిడ అంకెలు దాచదు. హీరో డార్సీకి ఏడాదికి 10,000 పౌండ్లు. అతని స్నేహితుడు బింగ్లీకి నాలుగైదు వేలు, తండ్రి వదిలిపోయింది దాదాపు లక్ష. హీరోయిన్ ఎలిజబెత్ తండ్రి బెన్నెట్ గారికి 2,000, అదీ ఆయన కన్ను మూయగానే కూతుళ్ళకు దక్కకుండా కాలిన్స్ అనే బంధువుకు పోయే ఆస్తి. ఈ పద్దంతా వెనక అట్ట లోపల పెన్సిల్‌తో వేసుకున్నాను. ఆ రోజుల్లో ఇంటి పనిమనిషికి ఏడాదికి పది, పదిహేను పౌండ్ల జీతం. అంటే డార్సీ ఒక్కడి రాబడిలో ఆరొందల మందికి పైగా పనిమనుషులు బతకొచ్చు. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు బెన్నెట్ గారి భార్య ఒట్టి నోటి దురుసు మనిషనుకున్నాను. అంకెలు రాసుకున్నాక, ఆ ఇంట్లో లెక్క తెలిసింది ఆవిడకొక్కతికే అనిపించింది. అయిదుగురు ఆడపిల్లలు, చేతికి రాని ఆస్తి, మొగుడేమో పుస్తకాల గదిలో. అరవక ఏం చేస్తుంది?

జమ కనిపించని చోట ఇంకా జాగ్రత్తగా చదవండి. ఆస్టిన్‌దే, మరుసటేడు వచ్చిన ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’లో ఆ బంగళా యజమాని సర్ థామస్‌కు కరీబియన్ దీవి ఆంటిగ్వాలో ఆస్తి ఉంటుంది. అక్కడ చెరుకు, చెరుకు తోటల్లో బానిసలు. ఆయన భార్య చెల్లెలి కూతురు ఫానీ బానిసల వ్యాపారం గురించి ఆయన్ని ఓ మాట అడిగిందట; గదిలో ఎవరూ నోరు మెదపలేదట. ఈ ముక్క కూడా మనకు ఫానీ తర్వాత చెబితేనే తెలుస్తుంది. బ్రిటన్ ఆ వ్యాపారాన్ని 1807లో నిషేధించింది కానీ బానిసత్వం పోవడానికి చట్టం వచ్చింది 1833లో. ఆ పేజీ అంచున ‘బాకీ’ అని రాసుకున్నాను. తర్వాత వచ్చే ప్రేమలు, అలకలు అన్నీ ఆ బాకీ గుర్తుండగానే చదివాను. సరదా ఏమీ తగ్గలేదు.

రెండోది, లోపలికి వెళ్ళడానికి పెరటి వాకిలి చూసుకోండి. ఇంగ్లాండులో ఓ దొరల కుటుంబం, వాళ్ళ నౌకర్ల కథ ‘డౌన్‌టన్ ఆబీ’ సీరియల్ నేను అలాగే చూశాను. మొదటి ఎపిసోడ్‌లో, 1912లో టైటానిక్ మునిగిన వార్త వచ్చిన రోజు పొద్దున, వంటింటి వైపు పనివాళ్ళు దినపత్రికలకు ఇస్త్రీ చేస్తుంటారు. సిరా ఆరాలి, దొరగారి వేళ్ళకు మసి అంటకూడదు. అవ్వకు ఇది చెబితే నమ్మలేదు. “కాయితానికి సుత ఇస్త్రీనా? మా దొర ధోతికి గంజి వెట్టి వెట్టి నా చేతులు పగిలినయి గని, గిదైతె ఇనలే.” మొత్తం సీరియల్లో నాకు మిగిలింది ఆ ఇస్త్రీపెట్టే. ఒక్క ఫిర్యాదు: అక్కడి నౌకర్లు యజమానుల్ని మరీ ప్రేమించేస్తారు. మూటలు మోసినవాళ్ళు అంతలా ప్రేమించడం నేను వినలేదు.

ఇంకో మాట ఒప్పుకోవాలి, నా చిరాకులో సగం అసూయే. సంతకాల కోసం ఓ క్లయింటు ఇంటికి వెళ్తే నన్ను కూర్చోబెట్టిన గది మా ఫ్లాటంత ఉంది. కాఫీ ఇచ్చిన పింగాణీ కప్పు ఎంత పల్చనంటే అవతల నా వేళ్ళ నీడ కనబడుతోంది. ఇంత డబ్బు తప్పు కదా అనుకుంటూనే ఇంకో కప్పు ఇస్తే బాగుండుననుకున్నాను. అందుకని కథల్లో భోజనాల బల్లలు, పరదాలు, వెండి చెంచాలు వచ్చినప్పుడు గబగబా పేజీలు తిప్పకండి. నిదానంగా, కళ్ళారా చూడండి. టికెట్టు కొన్నారు కదా.

ఇక వాటాల గొడవల దగ్గరికొస్తే అసలు పరాయితనమే ఉండదు. మా పెదనాన్న, నాన్న పన్నెండు గుంటల చెలక కోసం పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు. ఎకరంలో మూడో వంతు కూడా కాదది. ‘సక్సెషన్’ సీరియల్లో కోటీశ్వరుడైన తండ్రి కుర్చీ కోసం పిల్లలు కొట్టుకుంటుంటే, విమానాలు హెలికాప్టర్లు తీసేసి చూశాను, మా పెదనాన్న గొంతే వినబడింది.

డబ్బు గాల్లోంచి ఊడిపడి, ఎవరూ ఏ పనీ చేయని కథలుంటాయి చూడండి, పొద్దున ఆరింటికే పట్టుచీరలు కట్టుకుని మెట్లు దిగే సీరియళ్ళు, అవి నా వల్ల కాదు. ఛానల్ మార్చేయడమే.

అవ్వ పోవడానికి ముందు ఏడాది, ఎండాకాలం మధ్యాహ్నాలు ఆమెకు డార్సీ కథంతా చెప్పాను. ఆయన మీద మనసు ఎప్పుడు పడిందే అని అక్క అడిగితే, ఆయన ఎస్టేటు చూసినప్పట్నుంచి అని ఎలిజబెత్ వేళాకోళమాడుతుంది. అవ్వ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. “పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది.” పెళ్ళయిపోయింది, కథ అంతే అన్నాను.

“గంత పెద్దింటి తాళంచెవులు ఎవల చేతికొచ్చినయి?”

పుస్తకంలో రాయలేదవ్వా అన్నాను.

“అయితె ఇంక ఒడ్వలే” అని గోడవైపు తిరిగి పడుకుంది.