మేనేజర్ ఇంటర్వ్యూలో ‘మేము’ తగ్గించండి

బెంగళూరు ఐటీలో పదకొండేళ్లు పని చేశాక మేనేజర్ పోస్టులకి ప్రయత్నం మొదలుపెట్టాను. బెళ్లందూరులో ఒక కంపెనీ ఐదు రౌండ్లు చేసి వద్దంది. రిక్రూటర్ ఫోన్‌లో చెప్పిన కారణం ఒక్కటే: "టీమ్ ఏం చేసిందో బాగా చెప్పారు, మీరేం చేశారో వాళ్లకి అర్థం కాలేదట." చాలా బాధపడ్డాను. తర్వాత కూర్చుని నా జవాబులు గుర్తున్నంత వరకు రాసుకుంటే, అన్నిట్లోనూ ‘మేము చేశాం’, ‘మా టీమ్ అనుకుంది’ అనే ఉంది. మనకది అలవాటు. ఒంటరిగా ఉంటున్నా ‘మా ఇల్లు’ అంటాం, కట్టుకున్న భార్యని కూడా ‘మా ఆవిడ’ అంటాం, నేను నేను అంటే గొప్పలు పోతున్నాడంటారని చిన్నప్పటి నుంచీ భయం. ఇంగ్లీషులో మాట్లాడినా అదే బయటికొస్తుంది.

అందుకని ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని, ఈ రెండు మూడేళ్లలో మనుషుల విషయంలో మీరు తీసుకున్న నిర్ణయాలు ఏడెనిమిది రాయండి, తెలుగులోనే రాయండి. ఇద్దరు సీనియర్లకి పడనప్పుడు ఏం చేశారు, పైవాళ్లు ఇచ్చిన తేదీకి పని కాదని ఎలా చెప్పారు, మీరు ఏరికోరి తీసుకున్న మనిషి సరిపోకపోతే ఏమైంది. పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసింది, ఫలితం, ఈ వరసనే స్టార్ పద్ధతి అంటారు. చాలామంది పరిస్థితి వర్ణించడానికే నాలుగు నిమిషాలు పెట్టేస్తారు, అది అర నిమిషంలో ముగించండి.

పని సరిగ్గా చేయని మనిషితో ఎలా వేగారు అనే ప్రశ్న నాకు దాదాపు ప్రతిచోటా వచ్చింది. ‘నాకు అలాంటివాళ్లు తగల్లేదు’ అనకండి, మేనేజర్ పనే మీరు చేయలేదని ఒప్పుకున్నట్టే అది. నా టీమ్‌లో ఒకబ్బాయి ప్రతి స్ప్రింట్‌లోనూ, అంటే కొన్ని వారాల పని విడతలో, ఆలస్యం చేసేవాడు, నిర్లక్ష్యం అనుకున్నాను, టీకి తీసుకెళ్లి విడిగా మాట్లాడితే తెలిసింది, పాత కోడ్ ముట్టుకోవాలంటేనే అతనికి భయం, ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆరు వారాల పాటు ప్రతి మంగళవారం అరగంట కూర్చున్నాను. కొంత మెరుగయ్యాడు, పూర్తిగా కాదు, చివరికి అతనే అడిగితే టెస్టింగ్ ఆటోమేషన్‌కి మార్చాను. ఇది చెబుతూ, గమనించడానికి నాకే మూడు నెలలు పట్టిందని కూడా చెప్పాను. అడిగినాయన అక్కడే ఆగి, ఎందుకంత ఆలస్యమైంది, ఇప్పుడైతే ఎలా పట్టుకుంటారు అని లోతుగా వెళ్లాడు. మీ కథకి కూడా ఇలాంటి ఎదురు ప్రశ్నలు మూడు నాలుగు ముందే వేసుకుని చూడండి. ఆ మనిషి పేరు మాత్రం ఎక్కడా రానివ్వద్దు, బెంగళూరు ఐటీలో అందరూ అందరికీ తెలిసినవాళ్లే.

అమెజాన్‌కి వెళ్తే వాళ్ల 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ చదవకుండా వెళ్లకండి, ప్రశ్నలు వాటి చుట్టూనే తిరుగుతాయి, ఎంపిక స్థాయి తగ్గకుండా చూడటానికి ఆ టీమ్‌కి సంబంధం లేని మనిషి, బార్ రైజర్ అంటారు, కూడా ఒకరుంటారు. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌ని ఎలా కడతారో అడిగే సిస్టమ్ డిజైన్ రౌండ్ మేనేజర్లకీ పెడుతున్నారు, కాబట్టి దాన్నీ వదిలేయకండి.

నేరుగా రమ్మంటే వైట్‌ఫీల్డ్ వైపు మెట్రో పర్పుల్ లైన్, ఎలక్ట్రానిక్ సిటీకి 2025 ఆగస్టులో మొదలైన యెల్లో లైన్ ఉన్నాయి. అదే ఔటర్ రింగ్ రోడ్డు మీదైతే ట్రాఫిక్ చూసుకుని గంట ముందే బయలుదేరండి, చెమటలు కక్కుతూ లోపలికి వెళ్తే మొదటి జవాబు తడబడుతుంది.

నోటీసు పీరియడ్ 90 రోజులుంటే మొదటి కాల్‌లోనే చెప్పేయండి, దాచితే చివర్లో చేదవుతుంది. ఆఫర్ రాతపూర్వకంగా చేతికి రాకుండా రాజీనామా పెట్టొద్దు. ఇప్పుడున్న చోట ఐదేళ్లు నిండటానికి నెలో రెండు నెలలో ఉంటే గ్రాట్యుటీ సంగతి కూడా చూసుకోండి.

చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు, ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ఇంతకుముందు చూసినవాళ్లు ఎక్కడికెళ్లారు అని తప్పకుండా అడగండి. ఒకచోట ఏడాదిలో ముగ్గురు మారారని చెప్పారు. వాళ్లు దాచకుండా చెప్పినందుకు థాంక్స్ చెప్పి, ఇంటికొచ్చి నాకు కుదరదని మెయిల్ పెట్టాను.