పైనీటిని చూసి ప్రవాహం లెక్కిస్తే తప్పు ఎక్కడ దొర్లుతుంది?

సగం నీళ్లు నింపి మూత బిగించిన సీసాను వాగులో వదిలి, అది కొలిచి గుర్తు పెట్టిన దూరం దాటడానికి పట్టిన సమయాన్నిబట్టి ప్రవాహాన్ని అంచనా వేయడం పాత పద్ధతే. 30 మీటర్ల వెడల్పున్న వాగులో సీసా 20 మీటర్లను 25 సెకన్లలో దాటిందనుకుంటే, పైనీటి వేగం సెకనుకు 0.8 మీటర్లు. ఇంతవరకు చిక్కేమీ లేదు.

సమస్య: లెక్క ఎప్పుడూ ఎక్కువే వస్తోంది.

దీనికి రెండు కారణాలున్నాయి. అడుగున ఉన్న ఇసుక, రాళ్ల రాపిడి వల్ల కింది నీరు నెమ్మదిగా కదులుతుంది కనుక, సీసా చూపే వేగాన్ని సాధారణంగా 0.85తో గుణించి సగటు వేగంగా తీసుకోవాలి. రాళ్లు నిండిన, లోతు తక్కువ వాగుల్లో 0.7కు దగ్గరగా తీసుకోవడం మేలు. పై ఉదాహరణలో సగటు వేగం 0.68 మీటర్లు అవుతుంది.

రెండో తప్పు ఇంతకంటే పెద్దది, దీన్ని తక్కువమంది గమనిస్తారు. నడివాగులో గెడ దించితే 1.6 మీటర్లు తగిలిందని అదే లోతును వెడల్పంతటికీ వర్తింపజేసి, వెడల్పు, లోతు, సగటు వేగాలను గుణిస్తే ప్రవాహం సెకనుకు 32.6 ఘనపు మీటర్లు వస్తుంది. ఒడ్ల వైపు లోతు తగ్గుతూ పోవడం వల్ల సగటు 1.1 మీటర్లే అయితే నిజంగా పోయేది 22.4 ఘనపు మీటర్లు, అంటే సుమారు 790 క్యూసెక్కులు (సెకనుకు ఘనపు అడుగులు). వెడల్పును ఐదారు భాగాలు చేసి, ఒక్కో భాగంలో లోతు, వేగం విడిగా కొలిచి కూడడమే దీనికి సరైన మార్గం.

సమస్య: ప్రతిసారీ వేరే సమయం వస్తోంది.

గాలి, ఒడ్డు పక్క సుడులు, వంపు దీనికి కారణాలు. తిన్నగా సాగే చోటును ఎంచుకొని, ఎక్కువ భాగం నీటిలో మునిగే వస్తువును వాడి, ప్రతి భాగంలో కనీసం మూడుసార్లు కొలవండి. ఖాళీ సీసా నీటి వేగంతో పాటు గాలి వేగాన్ని కూడా కొలుస్తుంది.

సమస్య: ఉధృతి వల్ల గెడ దించే వీలు లేదు.

దిగి చూడాలన్న ఆలోచన మానుకోవాలి. కదలకుండా ఒకేచోట వరుసగా నిలిచిన అలలు కనిపిస్తే, రెండు శిఖరాల మధ్య దూరాన్ని 6.28తో భాగించగా లోతు ఉజ్జాయింపుగా తెలుస్తుంది; 2.5 మీటర్ల దూరానికి లోతు 0.4 మీటర్లు, వేగం సెకనుకు సుమారు 2 మీటర్లు. అలలు నిలవని చోట ఈ సూత్రం పనికిరాదు. నది ఇరుకైనా వేగం పెరగకపోతే, అంత నీరూ పోవడానికి లోతే పెరిగి ఉండాలి. పాపికొండల మధ్య గోదావరి పైకి నిదానంగా కనిపించడాన్ని చూసి లోతును తక్కువగా ఊహించడం ప్రమాదకరం. తేటనీటిలో అడుగు కనబడినా, నిలువుగా చూసినప్పుడు కనిపించే 0.9 మీటర్లు నిజానికి 1.2 మీటర్లు, ఒడ్డు నుంచి ఏటవాలుగా చూస్తే తేడా ఇంకా ఎక్కువ.

సమస్య: మట్టం పెరిగింది, సీసా మాత్రం నెమ్మదించింది.

దిగువ నీరు ఎగదన్నుతోందని దీనర్థం. కూనవరం వద్ద గోదావరి నిండుగా ఉన్నప్పుడు అక్కడ దానిలో కలిసే శబరి నది నీరు వెనక్కి నిలిచి, ప్రవాహం పెరగకుండానే మట్టం పెరుగుతుంది. భద్రాచలంలో మూడు వరద హెచ్చరికలు 43, 48, 53 అడుగుల మట్టానికి, ధవళేశ్వరంలో 10, 13, 17 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి ముడిపడి ఉన్నాయి. ఒకదాని నుంచి మరొకటి నేరుగా రాబట్టలేము. ఇలాంటి చోట మట్టాన్ని మాత్రమే నమ్మకుండా, అదే సమయంలో వేగాన్ని కూడా కొలవాలి.

వేసవిలో వాగు ఎండినప్పుడే అడ్డుకొలతలు (ఒడ్డు నుంచి ఒడ్డుకు అక్కడక్కడా లోతు) తీసి, ఒడ్డున అంకెల కర్ర పాతి ఉంచుకుంటే వరదలో లోతు కోసం వెతుక్కునే పని చాలావరకు తప్పుతుంది. అయితే ఇసుక వాగుల్లో వరద అడుగును కోసివేస్తుంది కనుక, ఆ కొలతలను ఏటా మళ్లీ తీయవలసి ఉంటుంది.