ఎల్‌సీ తీసుకున్నాక, స్తంభం ఎక్కే ముందు

అనంతపురం జిల్లాలో మే నెల సాయంత్రం ఒక్క గాలివాన వచ్చిందంటే చాలు, గంట తిరిగేలోపు ఏదో ఒక 11 కేవీ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు తెచ్చే 11,000 వోల్టుల లైను) ట్రిప్ అవుతుంది. వేపకొమ్మ విరిగి లైను మీద పడుతుంది, జంపరు తెగుతుంది, లేదా ఇన్సులేటరు పగులుతుంది. అప్పటి నుంచి లైన్‌మన్ ఫోను మోగుతూనే ఉంటుంది. చీనీ (బత్తాయి) చెట్లకు నీళ్లు అందక కాయ రాలిపోతున్నదని ఒక రైతు, పసిబిడ్డ ఉక్కకు నిద్రపోవడం లేదని ఒక తల్లి, ఇంకా ఎంతసేపని పై అధికారి అడుగుతుంటారు. ఈలోగా వెలుతురు తగ్గిపోతుంటుంది. తాడూ, రాడ్డూ, బెల్టూ మోటారు సైకిలుకు కట్టుకొని బయలుదేరే ఆ మనిషి చేతుల్లో ఎంత నేర్పు ఉన్నా, ఆ గంటలో అతని ప్రాణం నిలిచేదీ పోయేదీ అతని మనసు పనిచేసే తీరును బట్టే.

నేను ఈ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా లైను పని చేసి, లైన్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశాను. ఆ కాలంలో మేము పోగొట్టుకున్న తోటివారిలో నియమం తెలియక పోయినవాడు నాకు ఒక్కడూ గుర్తు లేడు. అందరికీ అన్నీ తెలుసు. అందుకే ఇక్కడ భద్రతా నియమాలను మళ్లీ వల్లించడం కాకుండా, తెలిసిన నియమం చేతికి అందకుండా పోయే క్షణాన్ని ముందుగా ఎలా పసిగట్టాలో, దానికి ఏ ఏర్పాట్లు చేసుకోవాలో రాస్తున్నాను. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, లైనులో కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి. ఇది కొత్తగా చేరిన జూనియర్ లైన్‌మన్లకు ఎంత అవసరమో, వారిని స్తంభం ఎక్కించే పెద్దలకు అంతకన్నా ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

“మొన్న కూడా ఇట్లే చేసినాం”

తీగను భూమికి కలిపి ఎర్తింగు చేసే డిశ్చార్జ్ రాడ్డు వేయకుండా ఒకసారి పని చేస్తాం. ఏమీ కాదు. రెండోసారీ ఏమీ కాదు. ఇరవైసార్లు అయ్యేసరికి రాడ్డు వేయకపోవడమే మామూలై, వేసేవాడు పిరికివాడిలా కనిపిస్తాడు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. ప్రమాదం జరగని ప్రతిసారీ మనసు దానిని “ఇది క్షేమమే” అనడానికి సాక్ష్యంగా జమ చేసుకుంటుంది. నిజానికి ఆ ఇరవైసార్లూ మనల్ని కాపాడింది సబ్‌స్టేషన్‌లో ఎవరో పొరపాటు చేయకపోవడమూ, ఊళ్లో ఎవరూ జనరేటరు వేయకపోవడమూ మాత్రమే.

ఈ జబ్బు చదువు తక్కువైన వారికి వచ్చేదని ఎవరూ అనుకోకూడదు. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ గాలిలోకి లేచిన 73 సెకన్లకే ముక్కలై ఏడుగురు మరణించారు. రాకెట్టు అతుకుల్లోని రబ్బరు రింగులు అంతకు ముందు ప్రయాణాల్లోనూ కాలి అరిగినట్లు ఇంజనీర్లకు తెలుసు, కాని నౌక ప్రతిసారీ క్షేమంగా తిరిగి రావడంతో ఆ అరుగుదల “ఒప్పుకోదగ్గది”గా మారిపోయింది. డయాన్ వాన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ ఘటనను ఏళ్ల తరబడి పరిశీలించి, నియమం తప్పడం మెల్లమెల్లగా నియమంగా మారే తీరును వివరించారు. అంతరిక్ష నౌకకు జరిగినదే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గరా జరుగుతుంది.

దీనికి విరుగుడుగా “జాగ్రత్తగా ఉండండి” అని చెప్పడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే అలవాటు పడిన మనసు తాను జాగ్రత్తగానే ఉన్నానని నమ్ముతుంది. ఒక మాటను హెచ్చరిక గంటలా పెట్టుకోవడం నాకు పనిచేసింది. “మొన్న కూడా ఇట్లే చేసినాం”, “ఒక్క నిమిషం పనే కదా” అన్న మాటల్లో ఏది మన నోటి నుంచి వచ్చినా, తోటివాడి నోటి నుంచి వచ్చినా, ఆ క్షణంలో పని ఆపి చేతులు కిందికి దించాలి. ఆ తర్వాత అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ లైను చచ్చి ఉందని నేను నమ్ముతున్నానా, చూశానా? ఏబీ స్విచ్ (స్తంభం మీద లైనును విడదీసే స్విచ్) మూడు బ్లేడ్లూ లేచినట్లు కంటితో చూడటం, టెస్టరు పెట్టి చూడటం, పని చేసే చోటుకు రెండు వైపులా ఎర్తింగు వేయడం, ఈ మూడూ జరిగితేనే చూసినట్టు. సబ్‌స్టేషన్ ఆపరేటరు చెప్పాడు, వీధి దీపాలు ఆరిపోయాయి, మోటార్లు నిలిచిపోయాయి అన్నవన్నీ నమ్మకం కిందికే వస్తాయి.

పెళ్లి మండపంలోనో కోళ్ల ఫారంలోనో మెయిన్ దించకుండా జనరేటరు వేస్తే, ఆ 415 వోల్టుల కరెంటు మన ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనుక నుంచి ఎక్కి, పైన లైనులో 11,000 వోల్టులు అవుతుంది. ఎల్‌సీ పక్కాగా ఉన్నా మనిషి చనిపోయేది ఇట్లాంటప్పుడే. రాడ్డు క్లాంపును ముందు భూమికి బిగించి తర్వాత తీగకు తగిలించాలనీ, తీసేటప్పుడు ముందు తీగ నుంచి, చివర భూమి నుంచి తీయాలనీ అందరికీ తెలిసినదే కనుక దాని మీద ఎక్కువ రాయను.

మూడో బ్లేడు

సర్వీసులో తొమ్మిదో ఏడు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర హెచ్‌జీ ఫ్యూజు (11 కేవీ వైపు ఉండే ఫ్యూజు) వేయడానికి నేనూ, చేరి మూడు నెలలైన ఒక కుర్రవాడూ వెళ్లాం. పొద్దు గూకింది. నేను ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగి, పైకి చూసి, అయిందనుకున్నాను. పడమటి ఆకాశం ఎర్రగా ఉండటంతో రెండు బ్లేడ్లు లేచి నిలబడటం నల్లగా స్పష్టంగా కనిపించింది, మూడోది ఇన్సులేటరు నీడలో కలిసిపోయింది. బెల్టు కట్టుకొని, ఎందుకో ఆ రోజు మాత్రం బద్ధకించకుండా రాడ్డు అందుకున్నాను. అది మూడో తీగకు తగలగానే తెల్లటి మెరుపు మెరిసి, పెద్ద చప్పుడుతో ఫీడరు ట్రిప్ అయింది. కొక్కెం అంచున రాగి కరిగి చిన్న గోళీలా గట్టిపడింది. చేతి వెంట్రుకలు కమిలిన వాసన నాకు ఇప్పటికీ గుర్తుంది. మూడో బ్లేడు దవడలో నుంచి వేలెడు కూడా కదలలేదు.

నన్ను ఎక్కువగా కలచివేసింది తర్వాత జరిగిన మాటలు. దిగి వచ్చి కూర్చున్నాక ఆ కుర్రవాడు, “అన్నా, అది సరిగా లేసినట్టు లేదని నాకు అనిపిచ్చింది” అన్నాడు. “మరి చెప్పలేదేమప్పా?” అంటే, “నువ్వు పెద్దోనివి, సూసుకోనుంటావులే అనుకొంటి” అన్నాడు. అతను చూశాడు. నేను చూడలేదు. నా ప్రాణం కాపాడగల సమాచారం నాకు నాలుగు అడుగుల దూరంలో ఉండి కూడా నా చెవికి చేరలేదు. ఆ తప్పు అతనిది కాదు. అంతకు ముందు వారమే ఏదో అడిగితే “నాకు చెప్పేంత వాడివా” అని పదిమందిలో కసిరింది నేనే.

1977 మార్చి 27న టెనెరిఫ్ విమానాశ్రయంలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో పరుగు మొదలుపెట్టిన విమానంలోని ఫ్లైట్ ఇంజనీరుకు, ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనన్న అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. ఎంతో అనుభవం, పేరు ఉన్న కెప్టెన్ అవును, తప్పుకుందని గట్టిగా చెప్పడంతో మాట అక్కడితో ఆగిపోయింది. చిన్నవాడు అనుమానాన్ని ఎలా పలకాలో, పెద్దవాడు దానిని ఎలా వినాలో విమాన సిబ్బందికి ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వడం ఆ తర్వాతి సంవత్సరాల్లోనే మొదలైంది. మన సెక్షన్లలో ఆ శిక్షణ మనమే ఇచ్చుకోవాలి.

దానికి స్తంభం మొదట్లో రెండు నిమిషాలు చాలు. అందరూ పైకి చూస్తూ నిలబడాలి, అందరికన్నా చిన్నవాడు ముందు మాట్లాడాలి. “అంతా సరేనా?” అని అడిగితే “సరే సార్” తప్ప మరో జవాబు రాదు. “ఈ పనిలో ఈపొద్దు మనలో ఒకరు పోయినారనుకో, ఎట్ల పోయి ఉంటారు?” అని అడగాలి. వినడానికి అశుభంగా తోచే ఈ ప్రశ్నను నేను మొదట అడగలేకపోయాను. అయితే ప్రమాదం ఇప్పటికే జరిగినట్లు ఊహించుకున్నప్పుడు మనసు కారణాలను చకచకా వెతుకుతుంది: ఇదే స్తంభం మీద రెండో ఫీడరు పోతోంది, స్తంభం మొదలు తుప్పు పట్టింది, అవతల రైస్ మిల్లులో జనరేటరు ఉంది. చిన్నవాడు చెప్పినది తప్పయినా సరే, పెద్దవాడు కసరకుండా “పోయి చూసి వద్దాం పా” అని కదలాలి. ఆ నడక వృథా అయినట్లు కనిపిస్తుంది గాని, రేపు అతను మళ్లీ నోరు తెరవడానికి ఇచ్చే ధైర్యం అదే. ఒక్కసారి ఎగతాళి చేస్తే ఆ నోరు ఏడాది పాటు మూతపడుతుంది.

ఎల్‌సీ మాటలు

ఎల్‌సీ ఫోనులో తీసుకునేటప్పుడు ఇద్దరూ తొందరలో ఉంటారు, ఇద్దరూ తాము వినాలనుకున్నదే వింటారు. పక్కపక్క ఊళ్ల పేర్లు ఒకేలా ఉన్న ఫీడర్లు మన దగ్గర తక్కువేమీ కాదు. అందువల్ల షిఫ్ట్ ఆపరేటరు చెప్పినది మనం తిరిగి చెప్పాలి, మనం చెప్పినది అతను తిరిగి చెప్పాలి: ఫీడరు పేరు, సమయం, ఎల్‌సీ నంబరు, తీసుకున్నవాడి పేరు. ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. “మావాడు దిగినాడంట, ఇచ్చేయండి” అని మధ్యలో ఎవరో చెప్పిన మాటకు లైను ఛార్జ్ చేయకూడదు.

జపాన్ రైల్వే ఉద్యోగులు సిగ్నలును వేలితో చూపుతూ దాని స్థితిని పైకి పలుకుతారు. 1994లో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ చేసిన ప్రయోగంలో ఈ పద్ధతితో తప్పులు దాదాపు 85 శాతం తగ్గాయి. కన్ను, వేలు, నోరు, చెవి ఒకే వస్తువు మీద కలవడంతో అలవాటుగా చూసే చూపు ఆగిపోతుంది. “ఒకటో బ్లేడు లేచింది, రెండోది లేచింది, మూడోది లేచింది” అని వేలు చూపి పలకడానికి ఐదు సెకన్లు పడుతుంది. ఆ సాయంత్రం నేను అట్లా పలికి ఉంటే మూడో దగ్గర నా వేలు ఆగి ఉండేది.

తొందర, అలసట

కింద పదిమంది రైతులు నిలబడి చూస్తుంటే చేయి వేగం పెరుగుతుంది, చూపు ఇరుకవుతుంది. ఒత్తిడి కొంతవరకు మనిషిని చురుకుగా ఉంచుతుంది. అది హద్దు దాటినప్పుడు మాత్రం ఎదుటి నట్టు ఒక్కటే కనిపించి పక్కన ఉన్న తీగ కనిపించదు. అందుకని పైకి ఎక్కేవాడి ఫోను కింద ఉన్నవాడికి ఇచ్చెయ్యాలి. జవాబు చెప్పే బాధ్యత కూడా అతనిదే. చెప్పవలసిన మాటను ముందే సిద్ధం చేసుకుంటే నోరు తడబడదు: “పెద్దాయనా, మనిషి పైన ఉన్నాడు, దిగినంక నేనే ఫోన్ చేస్తా.” మన రైతు ఈ మాటకు ఎదురు చెప్పగా నేను చాలా అరుదుగా చూశాను. గంటలో ఇస్తామని చెప్పి ఇవ్వకపోతేనే కోపం వస్తుంది, కనుక సమయం చెప్పవద్దు. సెక్షన్ అధికారులకు నా విన్నపం, “ఎంతసేపు” అని అడిగే ముందు “ఎర్తింగు వేశారా” అని అడగండి. పైనుంచి ఏ ప్రశ్న ముందు వస్తే కింద ఆ పని ముందు జరుగుతుంది.

అలసట విషయంలో మనిషి తన గురించి తాను చెప్పే మాటను నమ్మకూడదు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి పనితీరుకు దిగజారుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. తెల్లవారి ఐదింటికి లేచినవాడు రాత్రి పది దాటాక స్తంభం ఎక్కడం అంటే ఏమిటో దీన్ని బట్టి లెక్క వేసుకోవచ్చు. అప్పుడు వేరే మనిషిని పిలవాలి, లేదా తెల్లవారే దాకా ఆగాలి. పని ముగిసి, రాడ్డు తీసి, సామాను సర్దుకునే చివరి పది నిమిషాల్లో కూడా మనసు ఇంటికి పోయి ఉంటుంది. మరిచిపోయిన స్పానరు కోసం మళ్లీ ఎక్కినవాళ్లను తలచుకొని చెబుతున్నాను, ఎల్‌సీ తిరిగి ఇచ్చిన తర్వాత ఏ కారణంతోనూ స్తంభాన్ని ముట్టకూడదు.

తప్పిపోయిన ప్రమాదాలు, జరిగిన ప్రమాదాలు

1990లలో అమెరికా ఆసుపత్రుల్లో నర్సుల బృందాలను పరిశీలించిన ఆమీ ఎడ్మండ్‌సన్‌కు, బాగా పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువ నమోదైనట్లు కనిపించింది. కారణం వెతికితే, అవి ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచడం లేదు. కరిగిన రాగి ఉన్న ఆ రాడ్డును నేను చాలా రోజులు దాచాను, ఆ తర్వాత సెక్షన్ మీటింగులో బల్ల మీద పెట్టి జరిగినదంతా చెప్పాను. ఆ మధ్యాహ్నమే మరో ముగ్గురు తమ తమ సంగతులు బయటపెట్టారు, వాటిలో ఒకటి అదే రకం ఏబీ స్విచ్ గురించి. పెద్దవాడు తన తప్పు ముందు చెబితే తప్ప చిన్నవాళ్లు చెప్పరు.

తోటివాడు షాక్ కొట్టి పడిపోయినప్పుడు పరుగెత్తి పట్టుకోవాలనిపిస్తుంది. రెండో ప్రాణం పోయేది అప్పుడే. సప్లై తీయించే వరకు ముట్టకూడదు. తీసిన వెంటనే, ఊపిరి లేకపోతే, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి, 108కు మరొకరు ఫోన్ చేయాలి. ఆ గాభరాలో ఆలోచన పనిచేయదు కనుక ఆపరేటరుకు ఎవరు చెప్పాలో, ఛాతీ ఎవరు నొక్కాలో స్తంభం మొదట్లోనే పేరు పెట్టి అనుకోవాలి.

ప్రమాదం చూసినవాడిని అదే రోజు కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పమని బలవంతం చేయడం మేలు చేయదు. ఇంటికి చేర్చి, తిండి, నిద్ర, తోడు ఉండేట్లు చూడాలి, తనంతట తాను చెబితే అడ్డు రాకుండా వినాలి. మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, చప్పుడుకు ఉలిక్కిపడటం, ఆ దృశ్యం కళ్ల ముందు కదలడం సహజం. అవి నెల దాటినా తగ్గకపోతే, లేదా తాగుడు పెరిగితే వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అట్లాంటివాడు తిరిగి పనిలోకి వచ్చినప్పుడు “ఏమప్పా, భయమా?” అని ఎవరూ అనకుండా చూసుకోవడం ఇన్‌స్పెక్టరు పని. మొదటి వారం కింద నిలబడి చూసే బాధ్యత ఇవ్వాలి. ఆ తర్వాత ఒక ఉదయం, ఎండ ముదరక ముందు, ఇంకా సప్లై ఇవ్వని కొత్త లైను స్తంభం దగ్గరికి తీసుకుపోయి, అతను నమ్మే మనిషిని పక్కన నిలబెట్టి, రాడ్డును అతని చేతికే ఇవ్వాలి.