చెవి కింద గడ్డకు సీటీ రాశారా? తక్కువ రేడియేషన్‌తో తీయించుకునే పద్ధతి ఇదీ

చెవి ముందో, తమ్మె కిందో, దవడ మూలలోనో నొప్పి లేని గడ్డ ఒకటి తేలుతుంది. గవదబిళ్ల అనుకుని పసుపు సున్నం పట్టు వేస్తారు, అది తగ్గదు, నెలలు గడిచాక చిత్తూరులోనో తిరుపతిలోనో ఈఎన్‌టీ డాక్టరుకు చూపిస్తే చీటీ మీద ‘సీఈసీటీ నెక్’ అని, అంటే కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే మెడ సీటీ స్కాన్ అని రాసిస్తారు. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. క్యాన్సరేమో అని కొందరికి, సీటీ రేడియేషన్‌తో లేని క్యాన్సర్ అంటుకుంటుందేమో అని ఇంకొందరికి. సీటీ గదిలో పనిచేసేవాణ్ని కాబట్టి ఈ రెండో భయం గురించి రోజూ వింటుంటాను.

మొదటి భయానికి కాస్త ఊరట ఉంది. చెవి దగ్గరి లాలాజల గ్రంథిని పరోటిడ్ అంటారు, అందులో వచ్చే గడ్డల్లో దాదాపు 80 శాతం క్యాన్సర్ కానివే. దవడ కింది గ్రంథిలో అయితే సగానికి సగం అనుకోవాలి, నాలుక కింద, అంగిట్లో వచ్చేవాటిని ఇంకా అనుమానంగానే చూడాలి.

సీటీకి పరిగెత్తే ముందు అల్ట్రాసౌండ్ అయిందా లేదా చూసుకోండి. దానికి రేడియేషనే లేదు, పైపైన ఉన్న చిన్న గడ్డకు అదీ, సూది పరీక్షా (ఎఫ్ఎన్ఏసీ) చాలాసార్లు సరిపోతాయి. గడ్డ పెద్దదైనా, లోపలికి దిగిందనిపించినా, ఎముకను తాకిందేమో, మెడలో బిళ్లలు ఉన్నాయేమో తేల్చాలన్నా సీటీ కావాలి. మూతి ఒక పక్కకు లాగుతోందన్నా, కన్ను సరిగా మూసుకోవడం లేదన్నా నరం వెంబడి జబ్బు పాకిందేమో చూడాలి, దానికి ఎంఆర్ఐ మేలు. మీ డాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న అదే: “సార్, దీనికి ఎంఆర్ఐ సరిపోతుందా?” పిల్లలైతే తప్పకుండా అడగండి. గర్భం ఉందేమో అన్న చిన్న అనుమానం ఉన్నా ముందే చెప్పండి.

ఇక ‘లో డోస్’ సంగతి. అన్నం తినేటప్పుడు ఉబ్బి, తర్వాత తగ్గే వాపు గడ్డ కాకపోవచ్చు, గ్రంథిలో రాయి కావచ్చు. రాయి సున్నంలా తెల్లగా మెరుస్తుంది కాబట్టి డోసు బాగా తగ్గించి, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ లేకుండా తీసినా దొరికిపోతుంది. కణితి అలా కాదు. గ్రంథికీ, కండకూ, గడ్డకూ తేడా చాలా కొద్దిగా ఉంటుంది, డోసు మరీ తగ్గిస్తే బొమ్మ ఇసుక చల్లినట్టు వచ్చి గడ్డ అంచు కనబడదు. అప్పుడు మళ్లీ తీయాలి, తగ్గించిన పుణ్యమంతా పోతుంది. కాబట్టి కౌంటర్లో నిలబడి “తక్కువ డోసులో తీయండి” అని ఊరికే పట్టుబట్టకండి.

అడగాల్సింది ఇది: “ఎన్నిసార్లు తీస్తారు?” చాలా చోట్ల ఇంజెక్షన్ లేకుండా ఒకసారి, ఇచ్చాక ఒకసారి తీయడం అలవాటు, అంటే డోసు దాదాపు రెట్టింపు. లాలాజల గ్రంథి కణితికి మామూలుగా కాంట్రాస్ట్ ఇచ్చాక ఒక్కసారి తీస్తే చాలు. కొన్నిసార్లు డాక్టరే ఆలస్యంగా ఇంకోసారి తీయమంటారు, క్యాన్సర్ కాని గడ్డల్లో రెండు రకాలున్నాయి, వార్తిన్ ట్యూమర్ అయితే (పొగతాగే వాళ్లలో ఎక్కువ) మందును త్వరగా పీల్చి త్వరగా వదిలేస్తుంది, ప్లియోమార్ఫిక్ అడినోమా నిదానంగా పీలుస్తుంది, ఆ తేడా పట్టుకోవడానికి. నన్నడిగితే ఆ జవాబు సూది పరీక్షలోనే వస్తుంది, కానీ ఆపరేషన్ చేసే డాక్టరు కావాలంటే వాదించకండి.

సీటీ సెంటర్లో అడగాల్సిన రెండో ప్రశ్న కేవీ గురించి, అంటే ఎక్స్‌రేకు పెట్టే వోల్టేజీ. సన్నగా ఉన్నవాళ్లకు 120 బదులు 100 కేవీలో తీస్తే రేడియేషన్ తగ్గడమే కాదు, కాంట్రాస్ట్‌లోని అయోడిన్ ఇంకా బాగా వెలుగుతుంది. కొత్త మెషీన్లలో ఐటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్ అనే బొమ్మను శుద్ధి చేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ఆ ఇసుక మచ్చలను చాలావరకు అదే శుభ్రం చేస్తుంది. ఈ సదుపాయం ఉందా అని అడిగితే టెక్నీషియన్ ఏమీ అనుకోడు, సంతోషిస్తాడు కూడా.

రావడానికి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ పేషెంట్లు డాక్టరును అడగండి, కిడ్నీలు బాగుంటే ఆపక్కర్లేదు, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె) 30 లోపు ఉంటే ఆపమంటారు. థైరాయిడ్ జబ్బు, ఆస్తమా, ముందెప్పుడైనా కాంట్రాస్ట్ పడకపోవడం లాంటివి దాచకండి. కమ్మలు, ముక్కుపుడక, కట్టుడు పళ్లు, మెడలో శ్రీవారి డాలరు గొలుసు అన్నీ తీయాలి. తాళి తీయమంటే అక్కడ గొడవ మొదలవుతుంది, ఆ గొడవ లేకుండా తాళి ఇంట్లో దాచి పసుపుతాడు కట్టుకుని రండి అక్కా, దారానికి ఏ ఇబ్బందీ లేదు, దానికి పిన్నీసు మాత్రం వద్దు.

టేబుల్ మీద భుజాలు కిందికి లాగి పెట్టండి. ఇంజెక్షన్ పోతుంటే ఒళ్లంతా వేడి, ఉచ్చ పోయినట్టు అనిపిస్తుంది, పోదు, కంగారు పడకండి. స్కాన్ జరిగే ఆ కొద్ది సెకన్లు గుటక వేయకండి, తల కదపకండి. కదిలితే మళ్లీ తీయాలి, మళ్లీ డోసు.

అయ్యాక సీడీలో ఆఖరి పేజీ చూడండి, డోస్ రిపోర్ట్ అని ఉంటుంది. అందులో డీఎల్‌పీ (స్కాన్ మొత్తం డోసు) అన్న అంకెను 0.0059తో గుణిస్తే పెద్దవాళ్ల మెడ స్కాన్‌కు మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి పడిన రేడియేషన్ కొలత) సుమారుగా వస్తాయి. 500 ఉంటే దాదాపు 3. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున పడేది 2.4, కాబట్టి ఒక్క స్కాన్‌కు హడలిపోనక్కర్లేదు.

రిపోర్టులో గడ్డ పరోటిడ్ గ్రంథి పైభాగంలో (పైలోబు) ఉందా, లోతు భాగంలో (లోతు లోబు) ఉందా అన్నది వెతకండి. ముఖాన్ని కదిలించే నరం సీటీలో సరిగా కనబడదు, దాని పక్కనే పోయే రెట్రోమాండిబులర్ సిరను గుర్తుగా పెట్టుకుని చెబుతారు, సర్జన్‌కు కావాల్సింది ఆ మాటే.

చివరగా సీడీ. ఇక్కడ తీయించుకుని తిరుపతిలోని స్విమ్స్‌, రుయా ఆస్పత్రులకో, సరిహద్దు దాటి వెల్లూరు సీఎంసీకో పోయేవాళ్లు ఫిల్ములు మాత్రమే పట్టుకెళ్తారు. ఫిల్ముల్లో కొన్ని బొమ్మలే ఉంటాయి, అది చాలక అక్కడ ఇంకో సీటీ రాస్తారు. డైకామ్ ఫైళ్లున్న (స్కాన్ అసలు బొమ్మలన్నీ ఉండే) సీడీ అడిగి తీసుకుని, ఇంట్లో తెరిచి చూసి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఫిల్ములను ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మన చిత్తూరు ఎండకు నల్లబడిపోతాయి.