పాత రైఫిల్ చెక్క మీద సొట్టలకు ఆవిరి

పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి ఎక్కించేది) స్టాక్ మీద, అంటే దాని చెక్క భాగం మీద, సొట్ట కనబడగానే గరుకు కాగితం అందుకోకండి, చుట్టూ ఉన్న మంచి చెక్క అరిగిపోతుంది. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, ఇనుప భాగాలన్నీ విప్పి స్టాక్ వేరు చేయండి. నూలు గుడ్డ రెండు మడతలు వేసి, తడిపి పిండి, సొట్ట మీద పరవండి. బాగా వేడెక్కిన ఇస్త్రీపెట్టె కొసను దానిమీద 5 నుంచి 10 సెకన్లు ఆనించి తీయండి. చుయ్‌మని ఆవిరి లేస్తుంది, నలిగిన చెక్క పోగులు ఉబ్బి పైకొస్తాయి. పూర్తిగా లేవకపోతే మళ్లీ చేయండి. గుడ్డ మాత్రం ఆరిపోకూడదు, చెక్క మాడుతుంది. ఒక రోజు ఆరనిచ్చి అవిసె నూనె పలచగా పట్టించండి.

చెక్క తెగి ఊడిపోయిన గాట్లు దీనితో పూడవు. పాత ముద్రలు కొట్టిన చోట ఆవిరి అసలు తగలనీయకండి. అవి కూడా ఒత్తిన గుర్తులే, ఉబ్బి చెరిగిపోతాయి.