పిల్లల ఎదుగుదల పరిశోధన ఊళ్లో చెప్పాలంటే: తల్లికి ఒకలా, టీచరుకి ఒకలా, ఆఫీసరుకి ఒకలా

శ్రీకాకుళం, విజయనగరం వైపు అంగన్‌వాడీలతో పనిచేసే వాలంటీర్లు, సోషల్ వర్క్ చదివే విద్యార్థులు, కొత్తగా చేరిన సూపర్‌వైజర్లు తరచూ ఒకే మాట అడుగుతుంటారు. పసిపిల్లల మీద ఇంత పరిశోధన జరిగింది కదా, దాన్ని ఊళ్లో ఎలా చెప్పాలి అని. మామూలుగా జరిగేది ఏమిటంటే ఒక పీపీటీ తయారవుతుంది, అందులో రంగురంగుల మెదడు బొమ్మ ఒకటి ఉంటుంది, అదే పీపీటీని తల్లుల మీటింగులోనూ, టీచర్ల సెక్టార్ మీటింగులోనూ, కలెక్టరేట్‌లోనూ వేసేస్తారు. తల్లులు మర్యాదకి తలూపుతారు, టీచర్లు రిజిస్టర్లు రాసుకుంటారు, ఆఫీసరు మాత్రం "సరే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అంటారు. ఆ ప్రశ్నకి పీపీటీలో జవాబు ఉండదు.

వినే మనిషి చేతిలో ఏముందో చూసుకుని, దాని గురించే మాట్లాడండి. నేను చెప్పేది ఇంతే. పరిశోధన మారదు, మీరు అడిగే పని మారుతుంది. ఒకే ఉదాహరణ పట్టుకుని ముగ్గురికీ ఎలా చెప్పాలో చూద్దాం.

జమైకా దేశంలో కింగ్‌స్టన్ నగరం. 1980ల మధ్యలో శాలీ గ్రంథమ్ మెక్‌గ్రెగర్ అనే డాక్టరు, ఆమె తోటివాళ్లు పేద వాడల్లో వయసుకి తగ్గ ఎత్తు లేని పిల్లల్ని 129 మందిని తీసుకున్నారు. అందరూ తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు వాళ్లే. కొందరి ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి వెళ్లి, ఇంట్లో దొరికే వాటితో చేసిన బొమ్మలతో పిల్లాడితో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చేసి చూపించారు. ఇలా రెండేళ్లు నడిచింది. కొందరికి పాల పొడి ఆహారం ఇచ్చారు, కొందరికి రెండూ అందాయి, కొందరికి ఏదీ లేదు. ఇరవై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని చూస్తే, ఆట అందిన పిల్లలు పెద్దయ్యాక మిగతావాళ్ల కంటే 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఇది 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఒక్క ఆహారం మాత్రమే అందినవాళ్లలో సంపాదన మీద అలాంటి ప్రభావం కనిపించలేదు.

ఇది చదవగానే ఊళ్లోకి పరిగెత్తి "మీ పాపతో ఆడండి, జీతం పాతిక శాతం పెరుగుద్ది" అని చెప్పాలనిపిస్తుంది. వద్దు. ఎంతమంది పిల్లలు, ఎలాంటి పిల్లలు, ఎవరితో పోల్చారు, ఎన్నాళ్లు చూశారు అనే నాలుగూ మీకు నోటికొచ్చే వరకూ బయటికి వెళ్లకండి. 129 మంది అంటే చిన్న సంఖ్య. వాళ్లందరూ ఎదుగుదల తగ్గిన పిల్లలు, బాగా ఎదుగుతున్న పిల్లాడికీ అంతే లాభం ఉంటుందని ఆ పరిశోధన అనలేదు. పేపర్లో ఎంత మాటుందో ఊళ్లోనూ అంతే ఉండాలి, పెరగకూడదు.

పెరిగితే ఏమవుతుందో చూడండి. 1993లో అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకి మోజార్ట్ సంగీతం వినిపించి ఒక రకం పరీక్ష పెడితే కాసేపు మార్కులు కాస్త పెరిగాయి. అందులో పసిపిల్ల ఒక్కతీ లేదు. ఐదేళ్లు తిరిగేసరికి జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం క్యాసెట్టో సీడీయో ఇద్దామని బడ్జెట్‌లో లక్షా ఐదు వేల డాలర్లు అడిగాడు. అలాగే పేదింటి పిల్లలు నాలుగేళ్లకి మూడు కోట్ల మాటలు తక్కువ వింటారు అనే లెక్క ఇప్పటికీ ట్రైనింగుల్లో తిరుగుతూనే ఉంది. అది కాన్సాస్‌లో 42 కుటుంబాల్ని చూసి వేసిన అంచనా, 1995 నాటిది, తర్వాత చాలామంది గట్టిగా ప్రశ్నించారు. ఆ లెక్కని పేదింటి తల్లి ముందు చదవడం నా దృష్టిలో అవమానించడమే.

ఇంట్లో వాళ్లకి

ఇంట్లో వాళ్లంటే తల్లి ఒక్కతే అనుకోకండి. మన వైపు తండ్రి హైదరాబాదులోనో చెన్నైలోనో భవనాల పనికి పోయి ఉంటాడు, తీరం ఊళ్లలో అయితే వేటకి గుజరాత్ వెరావల్ దాకా పోతారు. పలాస చుట్టుపక్కల తల్లి పొద్దున్నే జీడిపిక్కల పనికి వెళ్లిపోతుంది. పగలంతా బిడ్డ మామ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో. మూడేళ్లు నిండని పిల్లలు అంగన్‌వాడీ కేంద్రంలో కూర్చోరు కూడా, వాళ్లకిచ్చే పోషకాహార పొడి బాలామృతం ఇంటికే వస్తుంది. జమైకా వాళ్లు పట్టుకున్న వయసు సరిగ్గా అదే కాబట్టి మీరు ముందు మాట్లాడాల్సింది మామ్మతో.

ఆవిడకి జమైకా అక్కర్లేదు. మెదడులో సెకనుకి పది లక్షల కొత్త బంధాలు అనే మాట కూడా అక్కర్లేదు. పక్కన కూర్చుని బిడ్డ ఏదో శబ్దం చేసేదాకా ఆగండి.

"మామ్మా, ఆడేదో అంటన్నాడు, నువ్వేటంటావు?"

"ఏటంతాను బాబూ, ఆడు ఊఁ అంతే నానూ ఊఁ అంతాను."

అంతే, హార్వర్డ్ వాళ్లు పుస్తకాల్లో రాసింది ఇదే: బిడ్డ ఒక శబ్దమో చూపో విసురుతుంది, పెద్దవాళ్లు తిరిగి జవాబిస్తారు, మళ్లీ బిడ్డ వంతు. మామ్మ ఇప్పటికే చేస్తోంది. మీరు చెప్పాల్సింది "నువ్వు చేసేది మంచిదే మామ్మా, తలంటేటప్పుడూ, పప్పన్నం తినిపించేటప్పుడూ కూడా ఇలాగే మాట్లాడు, ఆడి వంతు వచ్చినప్పుడు కాసేపు ఆగు" అని. ఉన్న పనిలో కలిసిపోయే సలహా నిలబడుతుంది. విడిగా అరగంట కేటాయించమంటే మీ ముందు సరే అంటారు, మీరు గేటు దాటగానే మర్చిపోతారు.

బొమ్మలు చేసి చూపించండి. మూత గట్టిగా బిగించిన ఖాళీ సీసాలో గులకరాళ్లు, గరుకు పోగొట్టిన కొబ్బరి చిప్పలు, పాత చీర గుడ్డ బొమ్మ, కాస్త పెద్ద పిల్లలకైతే తాటి బుర్రల బండి. చింతపిక్కలూ చిన్న గింజలూ మూడేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు, గొంతులో పడతాయి. పచ్చి జీడిపిక్కలైతే అసలే వద్దు, వాటి రసం చర్మాన్ని కాలుస్తుందని పలాస వాళ్లకి మీరు చెప్పక్కర్లేదు గానీ మీతో వచ్చిన సిటీ వాలంటీరుకి చెప్పాలి.

ఫోను సంగతి తప్పకుండా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్లు నిండని పిల్లలకి స్క్రీన్ వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. దీన్ని తిట్టులా చెబితే మామ్మ ఫోను కొంగు కింద దాచేస్తుంది, అంతకు మించి ఏమీ మారదు. దూరంగా ఉన్న నాన్నతో వీడియో కాల్ వేరే సంగతి అని కూడా చెప్పండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏడాదిన్నర లోపు పిల్లలకి స్క్రీన్ వద్దంటూనే వీడియో కాల్‌ని మాత్రం మినహాయించింది. వెరావల్ నుంచి కాల్ చేసిన తండ్రికి ఒక్క మాట చెప్పించండి: అన్నం తిన్నావా అని అడిగి పెట్టెయ్యకుండా, పక్కన కనిపించే కోడిపిల్ల గురించి బిడ్డని అడగమని.

వాట్సాప్‌లో పంపాలంటే పోస్టరు కంటే వాయిస్ మెసేజ్ నయం, ఒక నిమిషం లోపు, మన యాసలోనే, ఒక మెసేజ్‌కి ఒకే పని. మందస, మెళియాపుట్టి వైపు సవర గూడేల్లోకి వెళ్తే సవర మాట్లాడే ఆశా కార్యకర్త చేతో యువతి చేతో చెప్పించండి. సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు ఈ ప్రాంతంలోనే వందేళ్ల కిందట తిరిగి పోరాడారు, మనం ఇంకా తెలుగు పోస్టర్లు పట్టుకెళ్తున్నాం.

ఒక జాగ్రత్త. మీరు ఎదుగుదల మైలురాళ్ల గురించి మాట్లాడగానే ఎవరో ఒక తల్లి "మా వాడికి రెండేళ్లొచ్చాయి, ఇంకా మాటల్లేవు" అని పక్కకి పిలిచి అడుగుతుంది. మీరు డాక్టరు కాదు, పేరు పెట్టకండి, కంగారు పెట్టకండి, "అదే వస్తుందిలే" అని కూడా అనకండి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో వయసు వారీగా బొమ్మలతో మైలురాళ్లుంటాయి, అది తెరిచి కలిసి చూడండి. ఏఎన్ఎంకి చెప్పి, పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందానికి చూపించే ఏర్పాటు చెయ్యండి. వెళ్లారో లేదో మళ్లీ కనుక్కోండి.

టీచర్లకి

అంగన్‌వాడీ టీచరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు వీళ్లు జీతాల కోసం రోడ్డు మీద కూర్చున్నారు. పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, గుడ్లు, పాలు, బరువులు, ఎత్తులు, సర్వేలు, మధ్యలో పిల్లలు. అలాంటి మనిషి ముందు నిలబడి పిల్లలతో ఎక్కువసేపు మాట్లాడాలండీ అంటే ఏమంటుందో ఊహించుకోండి. కొత్త పని ఒకటి అడిగితే దాని కోసం ఏ పని తగ్గించుకోవచ్చో, లేదా ఏ పనిలో కలిపేయొచ్చో మీరే ఆలోచించుకుని వెళ్లాలి. బరువు తూచే రోజు తల్లులు ఎలాగూ వస్తారు, వరసలో నిలబడే ఆ పది నిమిషాల్లో ఒక ఆట చూపిస్తే సరిపోతుంది.

జమైకా కథ టీచరుకి చెప్పొచ్చు, చెప్పాలి కూడా. అందులో పని చేసింది డాక్టర్లు కాదు, తనలాంటి కార్యకర్తలే. అది వినగానే ముఖం మారుతుంది. అయితే ముందు ఆవిడ్ని మాట్లాడనివ్వండి. ఏ పిల్లాడు ఎవరితో కలవడు, ఎవరు సోమవారం ఆకలితో వస్తారు అన్నది ఆవిడకి తెలిసినంత మీకు తెలియదు. తర్వాత చేతిలో ఉన్నదానికి ముడిపెట్టండి. కేంద్ర ప్రభుత్వం 2024లో మూడేళ్ల లోపు పిల్లలకి 'నవచేతన', మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి 'ఆధారశిల' అని, పిల్లలతో ఏం చేయించాలో చెప్పే రెండు చట్రాలు తెచ్చింది, నవచేతనలో 36 నెలల ఆటల క్యాలెండరే ఉంది. మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు, ఆ క్యాలెండరులోంచి ఈ నెలకి రెండు ఆటలు తీసి ఎదురుగా పిల్లలతో ఆడి చూపించండి. తర్వాత టీచరు ఆడాలి, మీరు చూడాలి. చూస్తూ నోట్సు రాయకండి, తనిఖీ అనుకుంటారు.

ప్రైమరీ స్కూలు టీచర్లకైతే మాట వేరు, వాళ్లకి ఒకటో తరగతిలోకి వచ్చే పిల్లాడి గురించి చెప్పండి చాలు.

ఆఫీసర్లకీ ప్రజాప్రతినిధులకీ

ఇక్కడ మామ్మా లేదు, కోడిపిల్లా లేదు. ఒక్క పేజీ. పైన సమస్య, కింద మీరు అడిగే పని, దానికి అయ్యే ఖర్చు, ఎవరి ఫైలులో కదలాలి. కలెక్టరు గారికి పరిశోధన అంటే గౌరవమే, ఆయన దగ్గర లేనిది టైము.

ఇంటింటికీ వెళ్లే పద్ధతి అనగానే "అంతమంది స్టాఫ్ ఎక్కడున్నారు?" అంటారు, అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు జమైకాలో లేదు, ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలో ఉంది. అదే ఆటల పద్ధతిని అక్కడి పల్లెల్లో రెండు రకాలుగా ప్రయత్నించారు, కొన్ని ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి, కొన్నిట్లో తల్లుల్ని గుంపుగా కూర్చోబెట్టి. 2020లో వచ్చిన ఫలితాల్లో పిల్లల తెలివితేటల ఎదుగుదలలో రెండూ దాదాపు సమానంగా మేలు చేశాయి, గుంపు పద్ధతికి ఖర్చు చాలా తక్కువ. ఆఫీసరు ముందు పెట్టాల్సిన కాగితం ఇదే. పక్క రాష్ట్రం, మనలాంటి పల్లెలు, మనలాంటి కార్యకర్తలు. అందులో వారం వారం జరిగింది, రెండేళ్లు జరిగింది అన్నది కూడా అదే పేజీలో ఉండాలి, లేకపోతే నెలకోసారి మీటింగు పెట్టి ఫొటో తీసి అయిపోయిందంటారు.

కలెక్టర్లు బదిలీ అవుతారు. కాబట్టి కాగితం జిల్లాలో అంగన్‌వాడీలన్నీ చూసే ఐసీడీఎస్ పీడీ (ప్రాజెక్టు డైరెక్టరు) దగ్గరా, ఆయన కింద ఉండే ప్రాజెక్టు అధికారి సీడీపీఓ దగ్గరా, ఆ సెక్షన్ చూసే సీనియర్ అసిస్టెంటు దగ్గరా కూడా ఉండేలా చూసుకోండి. ఆ చివరి మనిషిని అందరూ మర్చిపోతారు, ఫైలు నడిపేది ఆయనే. జిల్లా పరిషత్‌లో ఏడు స్థాయీ సంఘాలున్నాయి, విద్య-వైద్యం ఒకటి, స్త్రీ శిశు సంక్షేమం ఒకటి, వాటి సభ్యులైన జడ్పీటీసీలతో సమావేశానికి వారం ముందే మాట్లాడితే ప్రశ్న వాళ్ల నోట వస్తుంది. సర్పంచి గారిని అడగాల్సింది పాలసీ కాదు, కేంద్రం ముందు నీడ, ఒక కుళాయి, పాములు రాకుండా తుప్పలు కొట్టించడం. ఎమ్మెల్యేని కలిస్తే వాళ్ల నియోజకవర్గంలో ఒక కేంద్రానికి తీసుకెళ్లి పిల్లల మధ్య చాప మీద కూర్చోబెట్టండి, హాల్లో మైకు కంటే అది మేలు.

మీరే సర్వే చేస్తే

ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద ఎన్నో బృందాలు వచ్చాయి, రక్తం తీసుకున్నాయి, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లాయి. కవిటి, సోంపేట వైపు కొత్తగా ఎవరైనా ఫారాలు పట్టుకుని వస్తే "మునుపు తీసుకెళ్లిందేటైంది?" అని ముందు అడుగుతారు. అడగడం వాళ్ల హక్కు. అందుకని పిల్లల ఎత్తు గానీ, మాట గానీ, ఆట గానీ మీరు కొలిస్తే, రిపోర్టు పైకి పంపే ముందు అదే ఊళ్లో చెప్పండి. ఏ బిడ్డ సంగతి ఆ ఇంటికే విడిగా, మెల్లగా. ఊరి మొత్తం లెక్క మాత్రం కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో, పేర్లు లేకుండా, పిల్లల ఫొటోలు లేకుండా. చదవడం రానివాళ్లుంటారు కాబట్టి సాయంత్రం పనుల నుంచి వచ్చాక ఒకసారి చదివి వినిపించండి. ఎవరైనా "ఇది తప్పు, మా వీధిలో పిల్లల్ని మీరు చూడనే లేదు" అంటే రాసుకుని, ఆ వీధికి వెళ్లి చూసి, ఆ తర్వాతే పంపండి.