బడి ఆవరణలో లెక్కల వేట: పద సమస్యలు ఇలా చేయించి చూడండి

పద సమస్య బోర్డు మీద రాయగానే పిల్లలు అడిగేది ఒక్కటే, "సార్, కలపాలా, తీసెయ్యాలా?" లెక్క చదవరు, అందులోని సంఖ్యలు ఏరుకుంటారు. నాలుగు, ఐదు తరగతుల్లో దీనికి నాకు బాగా పనికొచ్చింది లెక్కల వేట. ఎనిమిది అట్టముక్కలు, ఒక స్కెచ్ పెన్ను ఉంటే చాలు.

ప్రతి అట్ట మీద పైన ఒక సంఖ్య పెద్దగా రాయండి, కింద ఒక లెక్క రాయండి. పైనున్న సంఖ్య ఆ లెక్కకు జవాబు కాదు, వేరే అట్ట మీది లెక్కకు జవాబు. ఒక లెక్కకు 40 వస్తే, పైన 40 ఉన్న అట్ట ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లి అక్కడి లెక్క చేస్తారు. ఎనిమిదో లెక్క జవాబు మళ్లీ మొదటి అట్ట మీద ఉండాలి. ఇలా గొలుసు గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒక్కో జట్టు ఒక్కో చోట మొదలుపెట్టొచ్చు. అట్టలు వరండా స్తంభానికో, వేపచెట్టుకో, నీళ్ల ట్యాంకు పక్కనో అంటించండి. పిల్లలు ఎక్కువమంది ఉంటే వేరే రంగు అట్టలతో రెండో గొలుసు వేయండి.

అసలు పనంతా లెక్కలు ఎంచుకోవడంలో ఉంది. "రవి దగ్గర కొన్ని గోళీలున్నాయి, అన్న ఇంకో 15 ఇస్తే మొత్తం 42 అయ్యాయి, ముందు ఎన్ని?" అంటే "మొత్తం" కనబడింది కదా అని చాలామంది కలిపి 57 అంటారు. 57 ఏ అట్ట మీదా లేదు, తిరిగి తిరిగి వచ్చి మళ్లీ చదువుతారు. తప్పని మీరు చెప్పలేదు, వాళ్లకే తెలిసింది. నాకు ఈ పద్ధతి నచ్చింది అందుకే. అలాగే మధ్యాహ్న భోజనానికి 130 గుడ్లు కావాలి, ట్రేకి 30, ఎన్ని ట్రేలు తేవాలి? నాలుగు అనేవాళ్లు మిగతా పది గుడ్ల సంగతి ఆలోచించాలి.

ఆట అలవాటయ్యాక ఒక మెలిక పెట్టండి. కిలో 24 రూపాయల టమాటాలు రెండున్నర కిలోలు కొని 100 నోటిస్తే చిల్లర 40. 60 దగ్గర ఆగిపోయేవాళ్ల కోసం, వేరే లెక్క జవాబుగా 60 కూడా గొలుసులో పెట్టండి. వాళ్లకు వరుస తేడాగా వస్తుంది, కొన్ని అట్టలు చూడకుండానే మొదటికో, ముందే చేసిన అట్టకో వచ్చేస్తారు, అప్పుడు ఎక్కడ దారి తప్పామో వెనక్కి వెతుక్కుంటారు.

పైన సంఖ్య మాత్రమే రాయండి, రూపాయలు, కిలోలు అని రాస్తే లెక్క చేయకుండానే అట్ట పట్టేస్తారు. ఒకే జవాబు రెండుసార్లు రాకూడదు. జట్టుకు ముగ్గురు చాలు: ఒకరు పైకి చదవాలి, ఒకరు సొంత మాటల్లో చెప్పాలి, ఒకరు కాగితం మీద చేయాలి, అట్ట అట్టకీ పని మారాలి, లేకపోతే చురుకైన పిల్లే అన్నీ చేసేస్తుంది. ముందొచ్చిన జట్టుకు బహుమతి మాత్రం వద్దు, పరుగులో చదవడం పోతుంది. పీరియడ్ చివర పది నిమిషాలు ఆపి, అందరినీ తిప్పిన లెక్క ఏదో దాన్నే మాట్లాడించండి.

రెండోసారి అట్టలు పిల్లలతోనే రాయించండి. లెక్కలో ఏదైనా మర్చిపోతే పక్క జట్టు వచ్చి అడుగుతుంది, "కిలో ఎంతో రాయలేదేంట్రా, ఎలా చేయాలి?" అని.